పరిశోధన, చికిత్స రెండూ చేయాలనుకునేవారు సైకాలజీలో ఏ కోర్సు ఎంచుకోవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ పీజీ చివరి సెమిస్టరులో ఉన్నారు. రోగులతో కూర్చుని పనిచేయడమూ ఇష్టమే, పరిశోధనా ఇష్టమే. రెండింటికీ సమానంగా చోటిచ్చే కోర్సు ఏదో తేల్చుకోలేకపోతున్నారు. నాన్నగారు ఉక్కు కర్మాగారంలో రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు కనుక ఖర్చు చూసుకోవాలి, వయసు మించిపోతుందేమోనన్న బెంగా ఉంది. హైదరాబాదు దాటి పంపడానికి ఇంట్లో వెనకాడుతున్నారు. ఈలోగా ద్వారకానగర్‌లోని ఒక కన్సల్టెన్సీ వారు ఇంగ్లండులో ఏడాది ఎమ్మెస్సీ చేసి వస్తే సరిపోతుందని చెబుతున్నారు. విశాఖపట్నంలోనే ఇటు ఆసుపత్రిలోనూ అటు తరగతి గదిలోనూ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న క్లినికల్ సైకాలజిస్టుగా నా అభిప్రాయాన్ని కాస్త వివరంగానే రాస్తున్నాను.

మన దేశంలో ఈ రెండూ ఒకే కోర్సులో సమపాళ్లలో దొరకడం అరుదు. ఒకటి పూర్తయ్యాక ఇంకొకటి సంపాదించుకోవాలి. అందువల్ల మీరు ముందు తేల్చుకోవలసింది ఏది మొదట చేయాలన్నది. మీ పరిస్థితిలో ఉన్నవారికి నేను చెప్పేది ఒకటే: మొదట చికిత్స చేసే అర్హత సంపాదించండి, అది కూడా డిసర్టేషన్‌ను మనసుపెట్టి చేయించే ఆసుపత్రి అనుబంధ సంస్థలో సంపాదించండి, ఆ తర్వాత పీహెచ్‌డీకి వెళ్లండి. దీనికి చట్టపరమైన కారణం ఒకటి, చదువుకు సంబంధించిన కారణం ఒకటి ఉన్నాయి.

చట్టం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే చాలామంది విద్యార్థులు ఇక్కడే పొరబడుతున్నారు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే మనం ఆర్‌సీఐ అని పిలుచుకునే సంస్థ, గుర్తించిన కోర్సు పూర్తిచేసి, దాని కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో చెప్పేటప్పుడు ఆర్‌సీఐ గుర్తింపునే ప్రమాణంగా తీసుకుంది. విశ్వవిద్యాలయ సైకాలజీ విభాగంలో చేసిన పీహెచ్‌డీ ఎంత గొప్పదైనా, మీ థీసిస్ డిప్రెషన్ మీదే అయినా, ఆ డిగ్రీ ఒక్కటే మీకు ఆ రిజిస్టరులో చోటు ఇవ్వదు. పేరు ముందు డాక్టర్ అని చేరినా ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టు పోస్టుకు దరఖాస్తు చేయలేక, ముప్పై దాటాక మళ్లీ ఎంట్రెన్సు రాయడానికి వచ్చినవారిని నేను చూశాను. తెలివితేటలకు వారిలో లోటు లేదు. ఆ వయసులో ఇంటి బాధ్యతల మధ్య మళ్లీ పూర్తికాలం వార్డులో శిక్షణకు కూర్చోవడం చాలా కష్టం. అదే అర్హత మొదట సంపాదించినవారికి పీహెచ్‌డీ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఇక ఆ అర్హతనిచ్చే కోర్సుల పేర్లు ఇటీవల మారుతున్నాయి కనుక జాగ్రత్తగా వినండి. దశాబ్దాలుగా దీనికి దారి రెండేళ్ల ఎం.ఫిల్. క్లినికల్ సైకాలజీ. జాతీయ విద్యా విధానం 2020 ఎం.ఫిల్.ను తీసివేయమంది, యూజీసీ 2022 నిబంధనలు దాన్ని అమలు చేశాయి, అయితే క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు మినహాయింపు ఇచ్చారు. ఎం.ఫిల్. స్థానంలో ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, సై.డి. (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) వంటి కోర్సులు ముందుకు వస్తున్నాయి. ఏడాది వ్యవధిలో పూర్తయ్యే ప్రొఫెషనల్ డిప్లొమా చేసినవారు అసోసియేట్ హోదాతో నమోదవుతూ వచ్చారు. అది పూర్తి హోదా కాదు. కాబట్టి కోర్సు పేరు చూసి నిర్ణయించుకోవద్దు. మీరు చేరే సంవత్సరానికి, ఆ సంస్థకు, ఆ కోర్సుకు ఆర్‌సీఐ ఆమోదం అమలులో ఉందా, చదువు ముగిశాక రిజిస్టరులో మీ పేరు ఏ హోదాతో నమోదవుతుంది అన్న రెండు విషయాలను రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆమోదం సంస్థకు శాశ్వతంగా ఇచ్చేది కాదు, కొన్ని విద్యా సంవత్సరాలకు ఇచ్చేది. మీ సీనియర్ చేరినప్పుడు ఉన్న ఆమోదం మీరు చేరేటప్పటికి ఉండాలనేమీ లేదు.

ఇది చదివే డిగ్రీ విద్యార్థులకు కూడా ఒక మాట. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సైకాలజిస్టులను, కౌన్సెలర్లను కూడా తన పరిధిలోకి తెచ్చింది. దాని ఆధారంగానే యూజీసీ 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ బోధించకూడదని చెప్పింది. ఇంట్లో కూర్చుని పీజీ పూర్తిచేసి ఈ వృత్తిలోకి రావచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఇప్పుడు చదువుకు సంబంధించిన కారణానికి వస్తాను. మానసిక వైద్యంలో పనికొచ్చే పరిశోధన ప్రశ్నలు చాలావరకు ఓపీ గదిలో పుడతాయని నా నమ్మకం. ఒక కేసు చెబితే నా ఉద్దేశం తెలుస్తుంది. పాడేరు వైపు గ్రామం నుంచి ఏడేళ్ల బాబును వాళ్ల నాయనమ్మ వైకల్య ధ్రువపత్రం కోసం ఓపీకి తీసుకొచ్చింది. శిక్షణలో ఉన్న అమ్మాయి ఆ బాబు ముందు సెగ్విన్ ఫామ్ బోర్డు పెట్టింది. చెక్క పలకలో పది ఆకారాల గుంటలు, వాటిలో సరిపోయే పది చెక్క ముక్కలు ఉంటాయి. మూడుసార్లు చేయించి, అతి తక్కువ పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మొదటిసారి ఆ బాబు ప్రతి ముక్కనూ తిప్పి తిప్పి చూశాడు, చొక్కాకు తుడిచాడు, నాయనమ్మ వైపు చూసి తల ఊపిన తర్వాతే గుంటలో పెట్టాడు. నక్షత్రం ముక్కను చేతిలోనే చాలాసేపు ఉంచుకున్నాడు. మూడోసారికి చేయి చకచకా కదిలింది. అమ్మాయి మూడో సమయం రాసుకుని, పట్టికలో చూసి, మానసిక వయసు వేసి ఇచ్చింది. నిబంధన ప్రకారం అందులో తప్పేమీ లేదు. అయినా మూడు సమయాలనూ విడివిడిగా రాయమన్నాను. ఎందుకంటే మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఉన్న ఆ తేడాయే ఆ బాబు గురించి ఎక్కువ చెబుతుంది: అలాంటి వస్తువును అతను ముందెప్పుడూ ముట్టుకోలేదు, చూపిస్తే మాత్రం త్వరగా నేర్చుకుంటున్నాడు.

అక్కడితో ఆగలేదు. మన ఓపీల్లో పిల్లల తెలివితేటలను కొలవడానికి ఇప్పటికీ వాడే బినే-కామత్ పరీక్షను కన్నడ, మరాఠీ మాట్లాడే పిల్లల కోసం ప్రామాణీకరించారు. మాలిన్ పరీక్ష 1969లో నాగపూర్ నుంచి వచ్చింది. నార్మ్స్, అంటే స్కోరును పోల్చి చూసే ప్రమాణాల పట్టికలు, పాతబడేకొద్దీ ఈ కాలపు పిల్లలకు స్కోరు ఉండవలసినదానికన్నా ఎక్కువగా వస్తుంది. పరీక్షలోని వస్తువులూ మాటలూ పరిచయం లేని పిల్లలకు తక్కువగా వస్తుంది. ఒకే బిడ్డ విషయంలో ఈ రెండూ ఎదురెదురుగా పనిచేస్తుంటే, ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నలభై శాతం వైకల్యం దగ్గర గీత ఉంది. ఆ గీతకు అటో ఇటో అన్నదాన్ని బట్టి పింఛను, బడిలో రాయితీలు ఆధారపడి ఉంటాయి. ఆ రోజు, బిడ్డ రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలడో పెద్దలను అడిగి కొలిచే వైన్‌ల్యాండ్ స్కేలు కోసం నాయనమ్మను కూర్చోబెట్టి అడిగితే, ఆ బాబు మేకలను ఒంటరిగా తోలుకుపోయి సాయంత్రానికి లెక్క తప్పకుండా తీసుకొస్తాడనీ, సంతలో చిల్లర మాత్రం సరిచూసుకోలేడనీ చెప్పింది. రిపోర్టులో అన్నింటికన్నా పనికొచ్చిన వాక్యం అదే. "ఏజెన్సీ పిల్లలకు మొదట ఒక సాధన పరీక్ష ఇచ్చి తర్వాత మొదలుపెడితే ఏమవుతుంది మేడమ్?" అని ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే తర్వాత ఆమె డిసర్టేషన్ అయింది. గ్రంథాలయంలో కూర్చున్నవారికి ఆ ప్రశ్న తట్టడం కష్టం. అలాగని ఓపీలో కూర్చున్న ప్రతివారికీ తడుతుందని కాదు; వెనక నిలబడి మూడు సమయాలనూ రాయమనేవారు ఒకరుండాలి.

కోర్సు ఎంపికలో మీరు వెతకవలసింది ఆ వెనక నిలబడే మనిషిని. సమతూకం బ్రోషరులో కనిపించదు. ఇప్పుడు అక్కడ చదువుతున్న రెండో సంవత్సరం విద్యార్థిని కలిసి, గత వారం ఎలా గడిచిందో రోజువారీగా చెప్పమనండి. కొత్త కేసులు ఎన్ని చూశారు, వాటిని ఎవరికి ఎప్పుడు వినిపించారు, ఆ వినిపించడం ఓపీ గుమ్మం దగ్గర రెండు నిమిషాల్లో అయిపోయిందా, కూర్చుని గంటసేపు జరిగిందా అని అడగండి. థెరపీ కేసును వారాల తరబడి ఒకరే చూస్తున్నారా, లేక రోజంతా ఐక్యూ సర్టిఫికెట్లకు పరీక్షలు చేయించడంతోనే సరిపోతోందా అని అడగండి. ఇది చాలా ముఖ్యం: రద్దీ ఎక్కువగా ఉన్న సంస్థల్లో ట్రైనీలను పరీక్షలకే పరిమితం చేసే ప్రమాదం ఉంది, అక్కడ రెండేళ్లు గడిపినా ఒక్క ఆందోళన రోగిని మొదటినుంచి చివరిదాకా చూసిన అనుభవం రాదు. పాఠం చెప్పే అధ్యాపకులు స్వయంగా రోగులను చూస్తారా అన్నది కూడా అడగండి. రోగులను చూడని గురువు దగ్గర చికిత్స నేర్చుకోవడం కష్టం; పదేళ్లుగా ఒక్క పరిశోధనా పత్రమూ రాయని గురువు దగ్గర పరిశోధన నేర్చుకోవడమూ అంతే కష్టం. రెండూ చేసేవారు ఒక్కరున్నా ఆ సంస్థ మీకు పనికొస్తుంది.

డిసర్టేషన్ల విషయంలో కొంచెం కఠినంగానే చెబుతాను. ఆ విభాగంలో గత రెండు మూడేళ్లలో వచ్చిన డిసర్టేషన్ల శీర్షికలు అడిగి తెప్పించుకోండి. కాలేజీ విద్యార్థులకు గూగుల్ ఫారం పంపి, ఒత్తిడికీ ఆత్మవిశ్వాసానికీ మధ్య కోరిలేషన్ లెక్కగట్టినవే వరసగా ఉంటే, అక్కడ పరిశోధన పేరుకు మాత్రమే జరుగుతోందని అర్థం. పక్క వార్డులో రోగులున్న సంస్థలో అలాంటి శీర్షికలు కనిపించడం మరీ విచారకరం. వార్డు నుంచి, ఓపీ నుంచి, ఏజెన్సీ శిబిరాల నుంచి సేకరించిన సమాచారం మీద పనిచేశారా, నైతికత కమిటీ నిజంగా సమావేశమై ప్రశ్నలడుగుతుందా, సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే తెలుగులో ఉందా అని చూడండి. పీహెచ్‌డీ గైడు అయితే, వారి విద్యార్థుల థీసిస్‌లు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. రెండు తెరిచి పద్ధతుల అధ్యాయం చదవండి. ఒకే మూసలో పేర్లు మార్చి రాసినట్టుంటే ఆ గైడు దగ్గరికి వెళ్లవద్దు. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి పీహెచ్‌డీ గైడుగా ఉండకూడదు. అయితే మీకు కావలసిన వివరం ఆ ఎనిమిది మందిలో ఎందరికి నెలకొకసారైనా గైడుతో కూర్చునే అవకాశం వస్తోందన్నది. ఆ మాట విద్యార్థులే చెప్పగలరు.

ఏ సంస్థలు అన్న ప్రశ్నకు వస్తే, మన దేశంలో ఆసుపత్రిలో సైకాలజిస్టులకు శిక్షణ ఇచ్చే సంప్రదాయం 1955లో బెంగళూరులో, ఇప్పటి నిమ్హాన్స్‌కు మాతృసంస్థ అయిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థలో మొదలైంది. రాంచీలోని కేంద్ర మానసిక వైద్య సంస్థ 1918 నుంచి ఉన్న ఆసుపత్రి, అక్కడా ఈ శిక్షణకు సుదీర్ఘ చరిత్ర ఉంది. తేజ్‌పూర్‌లోని మానసిక ఆరోగ్య సంస్థ, ఢిల్లీలోని ఇహ్‌బాస్ ఆసుపత్రి కూడా ఇదే కోవలోవి. ఇలాంటి చోట్ల సైకియాట్రీ, న్యూరాలజీ, సోషల్ వర్క్ వారితో కలిసి ఒకే రోగిని చూస్తారు, పక్కనే ప్రాజెక్టులు నడుస్తుంటాయి. రెండు పనులూ ఒకే కప్పు కింద ఉంటాయి. సీట్లు చాలా తక్కువ, పోటీ తీవ్రం. అయినా ప్రభుత్వ సంస్థలు కావడంతో ఫీజు భారం ప్రైవేటు సంస్థల్లో ఉన్నంత ఉండదు. ఖర్చు గురించి మీరు వ్యక్తం చేసిన ఆందోళనకు ఇదే నా మొదటి సమాధానం: ఒక్క ఏడాది ఆగి, ఈ ఎంట్రెన్సులకు గట్టిగా సిద్ధమవడం, వెంటనే లక్షలు పోసి ఎక్కడో చేరడంకన్నా మేలు.

ఇంట్లో వారి భయం నాకు అర్థమవుతుంది. అయినా హైదరాబాదును సరిహద్దుగా పెట్టుకోవద్దని మీ నాన్నగారికి చెప్పమని కోరుతున్నాను. బెంగళూరుకు అనంతపురం, చిత్తూరు వైపు నుంచి తెలుగు రోగులు నిత్యం వస్తుంటారు కనుక, తెలుగులో చికిత్స చేసే అభ్యాసం అక్కడా పోదు. హైదరాబాదులోనే ఉండాలంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ పిల్లల వైకల్యాల విషయంలో ఎంతో అనుభవమున్న చోటు. అయితే పునరావాస సైకాలజీ కోర్సుకూ క్లినికల్ సైకాలజీ కోర్సుకూ రిజిస్టరులో వర్గాలు వేరు, ఆ తేడా గమనించి దరఖాస్తు చేయండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని హెల్త్ సైకాలజీ కేంద్రం పరిశోధన వైపు బలమైనది; లైసెన్సు, అంటే ఆర్‌సీఐ నమోదు, వచ్చాక పీహెచ్‌డీకి ఆలోచించదగిన చోటు.

విశాఖను కూడా చిన్నచూపు చూడకండి. మన విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగాన్ని నెలకొల్పిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు గారు ఇక్కడి నుంచే ప్రపంచస్థాయి పరిశోధకులతో కలిసి పనిచేశారు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రి. ఉత్తరాంధ్ర నలుమూలల నుంచీ అక్కడికి రోగులు వస్తారు. ఈ నగరం చుట్టూ పరిశోధకులకు ఎన్ని ప్రశ్నలున్నాయో చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తిన పిల్లలు ఇప్పుడు ఎలా నిద్రపోతున్నారు? నెలల తరబడి సముద్రం మీదుండే నౌకాదళ ఉద్యోగుల ఇళ్లలో, వేట నిషేధ కాలంలో జాలరిపేటల్లో, ఉక్కు కర్మాగారం షిఫ్టుల్లో పనిచేసేవారిలో మానసిక ఆరోగ్యం ఎలా ఉంది? 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలో 10.6 శాతం వయోజనులకు ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేల్చింది. చాలా రుగ్మతల్లో డెబ్బై శాతానికి పైగా రోగులకు చికిత్స అందడం లేదని కూడా చెప్పింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఒక్క తెలుగు రాష్ట్రమూ లేదు. రోగిని చూడగలిగి, లెక్క కూడా తేల్చగలిగిన మనుషులు మనకు ఎంత అవసరమో ఈ ఒక్క వాస్తవమే చెబుతుంది. మీరు రెండూ కావాలని కోరుకోవడాన్ని తేల్చుకోలేని మనసుగా ఎవరైనా తీసిపారేస్తే పట్టించుకోకండి.

విదేశాల మాట. ఒకే కోర్సులో రెండూ కావాలన్న మీ కోరికకు అసలైన నమూనా అమెరికాలో ఉంది. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన సదస్సు, క్లినికల్ సైకాలజిస్టు శాస్త్రవేత్తగానూ చికిత్సకుడిగానూ శిక్షణ పొందాలని నిర్ణయించింది. అక్కడి పీహెచ్‌డీలు చాలావరకు ఆ బాటలోనే నడుస్తున్నాయి. చికిత్సకే ఎక్కువ ప్రాధాన్యమిచ్చే సై.డి. 1968లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలై, 1973లో వెయిల్ సదస్సు ఆమోదంతో విస్తరించింది. మీకు సంబంధించినంతవరకు తేడా డబ్బులో ఉంది: పీహెచ్‌డీల్లో సాధారణంగా ట్యూషన్ మినహాయింపు, స్టైపెండు ఇస్తారు; సై.డి.కి చాలాచోట్ల విద్యార్థే కట్టుకోవాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు పొందిన ప్రతి కోర్సూ ఎన్నేళ్లలో పూర్తిచేస్తున్నారు, ఎందరు మధ్యలో మానేస్తున్నారు, ఎందరికి ఇంటర్న్‌షిప్ దొరుకుతోంది, ఎందరికి లైసెన్సు వస్తోంది అన్న పట్టికను తన వెబ్‌సైటులో పెట్టి తీరాలి. సమతూకాన్ని కొలవడానికి అంతకన్నా నిజాయితీగల కాగితం లేదు. ర్యాంకులు పక్కనపెట్టి ఆ పట్టిక చదవండి. అక్కడ చాలా విభాగాల్లో ప్రవేశం ఒక నిర్దిష్ట ఆచార్యుడి ప్రయోగశాలలోకి జరుగుతుంది, కాబట్టి వారు చేస్తున్న పనికీ మీ ఆసక్తికీ పొత్తు కుదరాలి. ఇంకో సంగతి ఏజెంట్లు చెప్పరు: ఇంటర్న్‌షిప్‌లు ఎక్కువగా ఇచ్చే మాజీ సైనికుల ఆసుపత్రుల్లో అమెరికా పౌరసత్వం ఉన్నవారినే తీసుకుంటారు, అందువల్ల విదేశీ విద్యార్థికి అవకాశాలు ఆ మేరకు తగ్గుతాయి.

కన్సల్టెన్సీ వారు చెప్పిన ఇంగ్లండు ఎమ్మెస్సీ గురించి మొహమాటం లేకుండా చెబుతున్నాను, మీ అవసరానికి అది పనికిరాదు. అక్కడ క్లినికల్ సైకాలజిస్టు అన్నది చట్టరక్షణ ఉన్న హోదా. దానికి మూడేళ్ల డాక్టరేట్ చేసి, ఆరోగ్య వృత్తుల మండలిలో నమోదు కావాలి. ఆ డాక్టరేట్ సీట్లకు అక్కడి జాతీయ ఆరోగ్య సేవ డబ్బు ఇచ్చేది ప్రధానంగా స్థానికులకే. పేరులో క్లినికల్ అని ఉన్న ఏడాది ఎమ్మెస్సీ అక్కడ రోగులను చూసే హక్కు ఇవ్వదు, ఇక్కడ ఆర్‌సీఐ రిజిస్టరుకూ చేర్చదు. అది పరిశోధనకు పునాదిగా కొందరికి ఉపయోగపడవచ్చు. నాన్నగారి రిటైర్మెంటు డబ్బుతో చేయవలసిన చదువు మాత్రం కాదు.

వయసు, డబ్బు గురించి మీరు చివర్లో అడిగారు. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు వస్తాయి. దానికి వయోపరిమితి ముప్పై ఏళ్లయినా మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది. అందువల్ల లైసెన్సు కోర్సు ముగించి, ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లినా మీకు సమయం మిగిలే ఉంటుంది. పీహెచ్‌డీ గరిష్ఠ కాలం ఆరేళ్లు; మహిళలకు ఇంకో రెండేళ్లు అదనంగా ఇచ్చే వీలుంది, ప్రసూతి సెలవు 240 రోజుల వరకు ఉంది. పెళ్లి తర్వాత చదువు సాగదని ఇంట్లో ఎవరైనా అంటే ఈ నిబంధనలు చూపించండి.

ఈ సంవత్సరం ఇక్కడుండగానే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గణాంక శాస్త్రాన్ని ఇప్పుడే గట్టి చేసుకోండి, ఎందుకంటే వార్డు శిక్షణ మొదలయ్యాక దానికి సమయం ఉండదు. ఆర్, జాస్ప్ అనే గణాంక సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితంగా దొరుకుతాయి. మీ పీజీ ప్రాజెక్టును పరీక్ష కోసం చేసినట్టు కాకుండా, ప్రతి నిర్ణయం ఎందుకు తీసుకున్నారో ఒక పుస్తకంలో రాస్తూ చేయండి. ఇంటర్వ్యూల్లో నేను అభ్యర్థులను ఎక్కువగా అడిగేది దాని గురించే. శాంపిల్ అంతే ఎందుకు తీసుకున్నావంటే "గైడుగారు చెప్పారండి" అన్న జవాబు దగ్గరే చాలామంది ఆగిపోతారు. విభాగం లేఖతో ఆసుపత్రిలో అబ్జర్వర్‌గా కొన్ని వారాలు కూర్చోవడానికి అనుమతి అడగండి, రోగుల పేర్లూ ఆనవాళ్లూ ఎక్కడా రాసుకోకుండా, చూసినదాన్ని మాత్రం రాసుకోండి. నాలుగు వారాల తర్వాత కూడా ఉదయం ఓపీకి వెళ్లాలనిపిస్తే, సాయంత్రం వి.ఎస్. కృష్ణ గ్రంథాలయంలో దాని గురించి చదవాలనిపిస్తే, మీరు అడిగిన రెండు దారులూ మీకు సరిపోతాయి. ఒకదాని మీదే మనసు లాగితే అదీ ఇప్పుడే తెలియడం మంచిది. చికిత్స మాత్రమే చేసేవారూ, పరిశోధన మాత్రమే చేసేవారూ ఈ వృత్తికి అంతే అవసరం.

దరఖాస్తుల సమయం వచ్చేసరికి మూడు నాలుగు సంస్థలకన్నా ఎక్కువ పెట్టుకోకండి. ప్రతిదానిలో ఇద్దరు విద్యార్థులతో మాట్లాడి, ఒక డిసర్టేషన్ చదివి, ఒకసారి స్వయంగా వెళ్లి ఓపీ బయట అరపూట కూర్చుని రండి. నాన్నగారిని వెంట తీసుకువెళితే ఇంట్లో భయమూ తగ్గుతుంది. సీటు వచ్చాక, ఆ విద్యా సంవత్సరానికి సంబంధించిన ఆర్‌సీఐ ఆమోద పత్రం కాపీ అడిగి తీసుకుని, దాన్ని మండలి వెబ్‌సైటులోని జాబితాతో సరిచూసుకున్న తర్వాతే మొదటి వాయిదా ఫీజు కట్టండి.